గుర్తు చిన్నదే... పాట దానిమీదే!

రెండు కాగితాలు. రెండింటిమీదా ఒకటే సంగీతం. చెల్లో వాద్యం కోసం బాఖ్ రాసిన మొదటి సూట్. ఒక కాగితం 1950లో అచ్చయింది. చేయి తిరిగిన పనివాడు లోహపు పలకమీద చెక్కగా వచ్చిన ప్రతి అది. రెండోది సరిగ్గా యాభై ఏళ్ల తర్వాత, 2000లో కంప్యూటర్‌మీద తయారైంది. స్వరాలూ అవే, గీతలూ అయిదే. అయినా మొదటి కాగితాన్ని ఎదురుగా పెట్టుకుంటే వాయించాలనిపిస్తుంది. రెండోదాన్ని చూస్తే ఏదో ఫారం నింపుతున్నట్టు ఉంటుంది!

ఎందుకలా? రెండో దాంట్లో అన్నీ కొలిచినట్టు ఉన్నాయి. గీతలు సన్నగా, గుర్తుల అంచులు కత్తిరించినట్టు పదునుగా, వరసకీ వరసకీ నిలువు గీతలు ఒకదానికింద ఒకటి వచ్చేలా. తీరా వాయించేటప్పుడు చెల్లో వాద్యకారుడి చూపు ఒక్కసారి పక్కకి మళ్లిందా... తిరిగొచ్చేసరికి ఏ వరసలో ఉన్నాడో తెలీదు. అన్ని వరసలూ కవలపిల్లల్లా ఉంటే ఎలా తెలుస్తుంది మరి!

ఈ రెండు కాగితాల్నీ పక్కపక్కన పెట్టి తేడా చూపించింది ఇద్దరు డచ్చివాళ్లు. చూపించి ఊరుకోలేదు. ఆ పాత అందాన్ని కంప్యూటర్‌కి నేర్పించే పనిలో పడ్డారు. ఆ పని పేరు లిలీపాండ్. మన మాటల్లో చెప్పాలంటే కలువకొలను.

అద్దంలో రాత!

ముందు ఆ పాత పనివాళ్ల సంగతి. పాశ్చాత్య సంగీతాన్ని అచ్చువేసేందుకు మెత్తటి లోహపు పలక తీసుకునేవారు. అయిదు పళ్లున్న పనిముట్టుతో ఒక్క లాగు లాగితే అయిదు గీతల స్టాఫ్ పడేది. స్వరం తల, షార్ప్, ఫ్లాట్... ఇలా ఒక్కో గుర్తుకీ ఒక్కో ఉక్కు మొన ఉండేది. దాన్ని సరైన చోట నిలబెట్టి సుత్తితో ఒక్క దెబ్బ. గుర్తు పలకలోకి దిగిపోయేది. స్వరాల్ని కలిపే వంపుగీతల్ని ఉలితో చెక్కేవారు. ఇదంతా కుడి ఎడమలు తారుమారు చేసి, అద్దంలో కనిపించినట్టు చెయ్యాలి. అప్పుడే అచ్చులో సవ్యంగా వస్తుంది. తప్పు పోయిందంటే పలకని తిరగేసి వెనకనుంచి కొట్టి, చదును చేసి, మళ్లీ మొదలుపెట్టాలి.

ఇందులో ఓ తమాషా ఉంది. ఉక్కు మొనల పదునైన కొసలు వాడగా వాడగా అరిగిపోయేవి. దాంతో గుర్తుల మూలలు కాస్త గుండ్రంగా పడేవి. ఆ అరుగుదలే కళ్లకి హాయిగా అనిపించేది! లిలీపాండ్ అక్షరాల్ని గీసినవాళ్లు దీన్ని గమనించి కంప్యూటర్ గుర్తులకీ మూలల్ని గుండ్రంగానే ఉంచారు. చేతిపనిలోని లోపాన్ని లెక్కగట్టి మరీ అందంగా మార్చారన్నమాట.

ఇద్దరు కుర్రాళ్లు... ఒక కొలను

హాన్-వెన్ నీన్‌హౌస్ ఫ్రెంచ్ హార్న్ ఊదేవాడు. యాన్ న్యూవెన్‌హౌజెన్ వయోలా వాయించేవాడు. నెదర్లాండ్స్‌లో కుర్రకారు వాయించే ఓ ఆర్కెస్ట్రాలో ఇద్దరికీ స్నేహం కుదిరింది. అంతకుముందు చేసిన చిన్న ప్రయత్నాన్ని పక్కన పెట్టి 1996లో ఈ సాఫ్ట్‌వేర్‌ని మొదలుపెట్టారు. 1998 జులైలో 1.0 వెర్షన్ వచ్చింది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపలి రాతని చూడొచ్చు, మార్చుకోవచ్చు.

పేరు వెనకా ఓ కథ ఉంది. అప్పటికే సంగీతం కోసం రోజ్‌గార్డెన్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. ఇద్దరికీ తెలిసిన ఒకమ్మాయి పేరు సుసాన్. హీబ్రూలో ఆ పేరుకి లిల్లీ అని అర్థం. గులాబీతోట ఉన్నప్పుడు కలువకొలను ఎందుకు ఉండకూడదు?! ఇక ఇందులోని అక్షరాలకి పెట్టుకున్న పేర్లయితే అన్నీ చీజ్ రకాలే. మొదట ఫెటా, తర్వాత ఎమెంటాలర్. పాతకాలపు చర్చి సంగీతం గుర్తులకి పార్మెజాన్!

ఒకే బొమ్మని సాగదీసి పెద్దదీ, కుదించి చిన్నదీ చెయ్యడం కాదు వీళ్ల పద్ధతి. ఎమెంటాలర్‌ని ఎనిమిది సైజుల్లో విడివిడిగా తయారుచేశారు. చిన్న సైజులో గుర్తులు కాస్త లావుగా ఉంటాయి, సన్నటి గీతలు చూపుకి ఆనకుండా పోతాయని. స్టాండు మీది కాగితాన్ని మూడడుగుల దూరంనుంచి చూసే కళ్లకోసం ఈ జాగ్రత్త.

మౌస్‌తో పన్లేదు

మామూలు సంగీతం సాఫ్ట్‌వేర్లలో తెరమీద అయిదు గీతలు కనిపిస్తాయి. మౌస్‌తో స్వరాల్ని తెచ్చి వాటిమీద వదలాలి. లిలీపాండ్‌లో అదేమీ ఉండదు. ఉత్తరం రాసినట్టు టైపు చెయ్యడమే. సి, డి, ఇ, ఎఫ్ అని స్వరాల పేర్లు కొట్టి పక్కన 4 అంటే పావు స్వరం, 8 అంటే అందులో సగం. పై స్థాయి కావాలంటే కొటేషన్ గుర్తు, కింది స్థాయికి కామా. షార్ప్ కావాలంటే స్వరం చివర 'ఇస్', ఫ్లాట్‌కి 'ఎస్' చేర్చాలి. పుట్టిల్లు నెదర్లాండ్స్ కదా, పేర్లు డచ్చివాళ్లవే. ఇంగ్లీషు, ఇటాలియన్ పేర్లు కావాలన్నా సరే అంటుంది. స్వరాల పేర్ల పట్టికని మనమే తిరగరాసి 'స, రి, గ, మ' అని కొడితే అర్థం చేసుకునేలా చెయ్యొచ్చు కూడా. కింద సాహిత్యాన్ని తెలుగు లిపిలోనే టైపు చేసుకోవచ్చు. కంప్యూటర్‌లో తెలుగు ఫాంట్ ఉంటే చాలు.

టైపు చేసిన ఫైలుని సాఫ్ట్‌వేర్‌కి అప్పగిస్తే అచ్చుకి సిద్ధమైన పేజీ తయారై వస్తుంది. ఏ స్వరం ఎంత దూరంలో ఉండాలి, కాడ పైకా కిందికా, ఏ వరసలో ఎన్ని స్వరాలు పట్టాలి... అన్నీ అదే చూసుకుంటుంది. దర్జీకి కొలతలిచ్చి వచ్చినట్టే. బట్ట కత్తిరించేటప్పుడు మనం పక్కన నిలబడక్కర్లేదు.

అయితే దర్జీ అన్నాక అడిగేవాళ్లు రకరకాలుగా అడుగుతారు. 'ఈ కాలరు వద్దు, ఇంకోలా పెట్టు' అంటే? అసలు కథ అక్కడే మొదలవుతుంది.

'ఇక్కడొక్కటే' మార్చు!

లిలీపాండ్ దృష్టిలో పేజీమీద కనిపించే ప్రతిదీ ఓ వస్తువే. స్వరం తల ఒకటి, దాని కాడ ఇంకొకటి, షార్ప్ గుర్తు మరొకటి. ఒక్కోదానికీ రంగు, సైజు, ఆకారం, దూరం... ఇలా బోలెడు లక్షణాలు. వాటిలో దేన్నయినా మార్చమని ఆజ్ఞ ఇవ్వొచ్చు. ఆ ఆజ్ఞ పేరు ఓవర్‌రైడ్. 'ఇక్కణ్నుంచి స్వరం తలలన్నీ ఇంటూ ఆకారంలో వెయ్యి' అంటే అలాగే వేసుకుంటూ పోతుంది. డ్రమ్స్‌కి, రాగం లేకుండా మాటలా పలకాల్సిన చోట్లకి ఇలాంటి తలలే వాడతారు. 'ఇక చాలు, పాతదానికి వచ్చెయ్' అనడానికి రివర్ట్. 'ఈ ఒక్క క్షణానికే' అనాలంటే ముందు వన్స్ అని చేర్చాలి. ఒకేసారి మోగే మూడు స్వరాల్లో మధ్యదాన్ని మాత్రమే మార్చాలంటే ట్వీక్.

కీబోర్డు నేర్చుకునే ఎనిమిదేళ్ల పాప ఉన్న ఇంట్లో ఇది ఎంత పనికొస్తుందో చూడండి. ఒక్క ఆజ్ఞ ఇస్తే స్వరం పేరు ఆ గుడ్డు ఆకారం లోపలే అచ్చవుతుంది. స్టాఫ్ సైజు పెంచితే అక్షరాలు చక్కగా కనిపిస్తాయి. 'ఇ' స్వరాలన్నీ ఎర్రగా, 'జి' స్వరాలన్నీ నీలంగా వెయ్యడం కూడా కుదురుతుంది. పాపకి అలవాటయ్యాక ఆ ఒక్క వాక్యం తీసేస్తే చాలు. అదే పాట పెద్దవాళ్ల కాగితంలా బయటికొస్తుంది. పాటని మళ్లీ కొట్టక్కర్లేదు.

గిల్లితే వచ్చిన గుర్తు

ఆకారాల్లో ఏదీ నచ్చకపోతే? కొత్తది గీసుకోవడమే! ప్రతి వస్తువుకీ స్టెన్సిల్ అనే లక్షణం ఒకటుంటుంది. అంటే దాని బొమ్మ. ఆ బొమ్మని తీసేసి మన బొమ్మ పెట్టొచ్చు. గీత, వృత్తం, వంపు... వీటితో ఏదైనా గీయొచ్చు. కొలతలన్నిటికీ స్టాఫ్‌లోని రెండు గీతల మధ్య ఖాళీయే ప్రమాణం. అందుకే స్టాఫ్ పెద్దదైనా చిన్నదైనా మన గుర్తు దానికి తగ్గట్టే మారుతుంది.

దీనికి మంచి ఉదాహరణ హంగరీ స్వరకర్త బేలా బార్టోక్ పేరుమీద చలామణీలో ఉన్న గుర్తు. వయొలిన్ తీగని వేలితో పైకి లాగి గట్టిగా వదిలితే అది చెక్కకి టప్పున తగులుతుంది. ఆ చప్పుడు కావాలనుకున్నాడాయన. 1928 నాటి నాలుగో స్ట్రింగ్ క్వార్టెట్‌లో వాడాడు. చిన్న సున్నా, దాని మధ్యనుంచి పైకి పొడుచుకొచ్చిన ఓ నిలువు గీత... ఇదీ ఆ గుర్తు. లిలీపాండ్ పాత వెర్షన్లలో ఇది లేదు. అవసరమైనవాళ్లు ఓ వృత్తం, ఓ గీత కలిపి తామే గీసుకున్నారు. ఆ కిటుకునే లిలీపాండ్ పుస్తకంలో ఉదాహరణగా ఇచ్చారు. తర్వాతి వెర్షన్లలో అదే అసలు గుర్తుల జాబితాలోకి ఎక్కేసింది. ఇప్పుడు పేరు కొడితే చాలు, గుర్తు పడుతుంది. ఒకరి అవసరం అందరి ఆస్తి కావడమంటే ఇదే.

ఆ మాటకొస్తే ఈరోజు 'ప్రామాణికం' అనుకుంటున్న గుర్తులన్నీ ఒకప్పుడు ఎవరో ఒకరి సొంత గీతలే. ఫ్లాట్ గుర్తు మధ్యయుగాల్లో గుండ్రంగా రాసిన ఇంగ్లీషు 'బి' అక్షరం. నేచురల్ గుర్తు నలుచదరంగా రాసిన అదే 'బి'. స్టాఫ్ మొదట్లో మెలికలు తిరిగి కనిపించే క్లెఫ్ ఏమిటనుకున్నారు? 'జి' అక్షరమే! చేతులు మారీ మారీ అలా తయారైంది.

త్రిభుజమంటే 'ఫ'

గుర్తు మార్చడం సోకు కోసం కాదనడానికి అమెరికాలో మరో కథ ఉంది. 1801లో విలియం లిటిల్, విలియం స్మిత్ అనే ఇద్దరు 'ది ఈజీ ఇన్‌స్ట్రక్టర్' అనే పుస్తకం తెచ్చారు. ఊళ్లలో సంగీతం చదువుకోని మామూలు జనం కలిసి పాడుకోవడానికి అందులో ఓ ఉపాయం చెప్పారు. ఫ అంటే త్రిభుజం, సోల్ అంటే గుండ్రం, లా అంటే చతురస్రం, మి అంటే వజ్రం ఆకారం. శ్రుతి ఏదైనా, షార్పులెన్ని ఉన్నా లెక్కపెట్టక్కర్లేదు. ఆకారం చూడు, పాడు. అంతే! 1844లో జార్జియా వాళ్లు తెచ్చిన 'ది సేక్రెడ్ హార్ప్' ఈ నాలుగు ఆకారాలతోనే వచ్చింది. 1846లో జెస్సీ ఎయికెన్ ఏడు స్వరాలకీ ఏడు ఆకారాలు పెట్టాడు. సేక్రెడ్ హార్ప్ పాటల్ని నేటికీ నలుగురూ చతురస్రంగా కూర్చుని పాడుతూనే ఉన్నారు.

లిలీపాండ్‌కి ఈ రెండు పద్ధతులూ వచ్చు. ఒక్క ఆజ్ఞ ఇస్తే చాలు, పాట ఏ శ్రుతిలో ఉందో చూసుకుని ఏ స్వరానికి ఏ ఆకారమో అదే లెక్కగట్టుకుంటుంది. శ్రుతి మారిస్తే ఆకారాలూ వాటంతటవే మారిపోతాయి. రెండు వందల ఏళ్లనాటి పల్లెటూరి ఉపాయానికి కంప్యూటర్‌లో పీట వేశారన్నమాట.

తుర్కియే సంగీతానిదీ ఇలాంటి అవసరమే. పాశ్చాత్యులు ఒక స్వరానికీ దాని పక్కదానికీ మధ్య ఉన్న దూరాన్ని రెండు సగాలు చేస్తే, తుర్కియే విద్వాంసులు తొమ్మిది భాగాలు చేస్తారు. రెండే గుర్తులున్న చోట తొమ్మిది మెట్లని చూపించేదెలా? అందుకే వాళ్ల షార్పులూ ఫ్లాట్లూ వేరుగా ఉంటాయి. ఏ మెట్టుకి ఏ బొమ్మ అని ఓ పట్టిక రాసిస్తే లిలీపాండ్ దాన్నే పాటిస్తుంది. అరబ్బు సంగీతంలోని అర ఫ్లాట్‌కీ ఇదే దారి.

వెడల్పు సున్నా!

అలాగని అంతా సాఫీగా సాగుతుందనుకుంటే పొరపాటు. కొత్తగా గుర్తు గీసేవాళ్లందరికీ రెండు దెబ్బలు తగులుతాయి.

మొదటిది కాడ. మామూలు స్వరం తలకి కాడ ఎక్కడ అతుక్కోవాలో సాఫ్ట్‌వేర్‌కి తెలుసు. దాని స్థానంలో మనం చిన్న నక్షత్రం పెట్టామనుకోండి... కాడ పాతచోటే నిలబడుతుంది. నక్షత్రం ఒకచోట, కాడ గాల్లో! అతికే చోటు కూడా మనమే చెప్పాలి.

రెండోది ఇంకా గమ్మత్తు. పేజీమీద ఏ రెండు వస్తువులూ గుద్దుకోకుండా లిలీపాండ్ ప్రతిదాని పొడవూ వెడల్పూ కొలిచి చోటు కేటాయిస్తుంది. కానీ ప్రింటరు భాష పోస్ట్‌స్క్రిప్ట్‌లో నేరుగా బొమ్మ గీసేస్తే దాని సైజు దీనికి తెలీదు. వెడల్పు సున్నా అనుకుంటుంది. దాంతో పక్క స్వరం వచ్చి బొమ్మ నెత్తినెక్కుతుంది. పెళ్లి భోజనాల్లో లెక్కలోకి రాని అతిథికి విస్తరి పడనట్టే! దాని కొలతలు విడిగా చెప్పడమో, లేదంటే లిలీపాండ్ సొంత గీతలూ వృత్తాలతోనే గీయడమో చెయ్యాలి. పంక్తిలో చోటు కావాలంటే ముందు లెక్కలో ఉండాలి కదా.

ఎట్టయపురం... 1904

లెక్కలో లేని గుర్తులు అనగానే తెలుగువాళ్లకి గుర్తురావాల్సిన పుస్తకం ఒకటుంది. తమిళనాట ఎట్టయపురం సంస్థానంనుంచి 1904లో తెలుగు లిపిలో వెలువడిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'. రాసినవారు సుబ్బరామ దీక్షితులు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులకి దత్తపుత్రుడాయన.

కర్ణాటక సంగీతంలో 'రి' అని రాసి ఊరుకుంటే పాట కాదు. ఆ రిషభాన్ని ఊపాలా, జార్చాలా, నొక్కాలా అన్నదే ప్రాణం. అదే గమకం. శిష్యుడు గురువు నోటినుంచి విని పట్టుకోవాల్సిందే. దాన్ని కాగితంమీదికి తేవడానికి దీక్షితులు స్వరాలమీద గుర్తులు పెట్టారు. కంపితానికి అలలాంటి గీత. స్ఫురితానికి మూడు చుక్కలు. పైకి జారే జారుకి ఒకవైపు వాలిన గీత, కిందికి జారేదానికి రెండోవైపు వాలినది. ఇలా ఒక్కో గమకానికీ ఒక్కో గుర్తు. మామూలు తెలుగు అచ్చుకి ఇవేవీ అక్కర్లేదు. ఈ ఒక్క పుస్తకానికి కావాలి! వాటిని వదిలేసి ఉత్త సరిగమలతో పుస్తకం వేసుంటే పని సులువయ్యేది. ఆయన వదల్లేదు.

ఈ పని చెయ్యమని పట్టుబట్టినవారిలో ముఖ్యుడు ఏ.ఎం. చిన్నస్వామి ముదలియార్. మన కృతుల్ని పాశ్చాత్యుల అయిదు గీతలమీదికి ఎక్కించాలని 1890ల్లోనే తపించిన మనిషి. ఆయన చూపు మందగించింది. తను అనుకున్నది పూర్తవదని తెలిశాక, దీక్షితుల దగ్గరున్న సంగీతమంతా అచ్చులోకి రావాలని కోరారు. అలా వచ్చిన ఆ బృహద్గ్రంథంలో ముత్తుస్వామి దీక్షితుల కృతులే 229 ఉన్నాయి. అవి పాడేవాళ్లకి నేటికీ అదే పెద్ద ఆధారం.

ఇప్పుడు అదే పనిని బల్లముందు కూర్చుని చెయ్యొచ్చు. అలగీత ఒకటి, మూడు చుక్కలు, రెండు వాలుగీతలు... ఒక్కోదాన్నీ ఒకసారి గీసి ఓ పేరు పెట్టుకుంటే చాలు. 'కంపితం' అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన ప్రతిచోటా ఆ అల ప్రత్యక్షమవుతుంది. గుర్తు నచ్చక మార్చాలనిపిస్తే ఒక్కచోట మారిస్తే పుస్తకమంతా మారిపోతుంది. దీక్షితుల కాలంలో అలాంటి మార్పంటే పేజీలన్నీ మళ్లీ కూర్చడమే!

మిగిలేది ఏది?

ఇంకో సంగతీ ఆలోచించాలి. 2024 ఆగస్టులో ఫినాలే అనే పేరున్న సంగీతం సాఫ్ట్‌వేర్‌ని ఆపేస్తున్నట్టు దాని తయారీదార్లు ప్రకటించారు. ముప్ఫై అయిదేళ్లపాటు ఎందరో స్వరకర్తలు వాడింది అది. వాళ్ల పాటలన్నీ దాని ఫైళ్లలోనే ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడం మానేసిన రోజున వాటి గతేమిటన్న బెంగ వాళ్లని పట్టుకుంది.

లిలీపాండ్ ఫైలు ఉత్త అక్షరాలు. ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకుంటుంది. సాఫ్ట్‌వేర్ లేకపోయినా మనిషి చదువుకోవచ్చు. పాత వెర్షన్ ఫైళ్లలో చాలావరకు కొత్త పద్ధతికి మార్చే ఉపకరణం కూడా దాంతోనే వస్తుంది. సొంత గుర్తులు ఎలా గీశామో కూడా ఆ ఫైల్లోనే రాసి ఉంటుంది కాబట్టి పాటా, దాని గుర్తూ విడిపోవు. అయితే నేర్చుకోవడం కాస్త కష్టమే. మొదటివారం ఒక బ్రాకెట్ మర్చిపోయి, పేజీ రాక తల పట్టుకోని వాళ్లుండరు.

గుర్తు గమకం కాదు. ఆ అలగీత చూసి ఎవరూ కంపితం పాడలేరు, ఒక్కసారైనా వినకపోతే. కానీ విన్నవాళ్లకి అది ఫలానాచోట ఉందని గుర్తుచేస్తుంది. వినే అదృష్టం లేనివాళ్లకి ఇక్కడేదో ఉంది, వెళ్లి అడుగు అని చెబుతుంది. 'మా దగ్గర ఆ గుర్తు లేదండీ' అని అచ్చులో వదిలేస్తే మాత్రం తర్వాతి తరానికి అక్కడ అడగాల్సింది ఒకటుందనే తెలీదు.

అందుకే నూట ఇరవై ఏళ్లనాడు ఓ పెద్దాయన మూడు చుక్కల కోసం పట్టుబట్టారు!